గాలిల అక్షింతలు

సూర్యాపేటల గానీ కోదాడల గానీ ఎవరింటికన్న పోయి పెండ్లి ఆల్బం అడిగి సూడున్రి. పుస్తె కట్టే ఫోటో కాడ జర ఆగున్రి. పెండ్లికొడుకు చేతులు పిల్ల మెడ ఎనక ఉంటయి, మొఖం మాత్రం మన దిక్కు తిప్పి పండ్లన్ని కనవడేటట్టు నవ్వుతుంటడు. పిల్ల నెత్తి మీద, పూలజడల, కొంగు మీద, అంతటా అక్షింతలుంటయి. గాలిల మాత్రం ఒక్క గింజ ఉండది. ఎందుకుండదంటరా? అది రెండోసారిది గనక. గట్టిమేళం మోగంగనే చుట్టాలంత ఒక్కపారి మీదవడ్తరు, సగం మంది ఫోన్లు పట్టుకొని అడ్డమొస్తరు, అసలు ముడి వడే ముచ్చట కెమెరాకు దొరకది. అంతా అయినంక ఫోటో ఆయన "బాబూ, చేతులు మల్ల అట్లనే పెట్టు, జర ఇటు సూడు" అంటడు. పెండ్లికొడుకు పెడ్తడు, ఈయన నొక్కుతడు. అదే ఆల్బంల పెద్ద పేజీ అయి కూసుంటది. ఇంట్లోళ్లు అదే అసలుదని మురుస్తరు. మురవనీ, మనకేం పోయింది!

శోభకు మాత్రం ఆ ఫోటో సూస్తే పాణం ఇసిగేది. ఆ పిల్లది ఆత్మకూర్ ఎస్ దిక్కు ఒక తండా. డిగ్రీ అయినంక సూర్యాపేటల రామనర్సయ్య సార్ ఫోటో స్టూడియోల చేరింది. పని కంప్యూటర్ ముందట. ఆల్బం పేజీలు పేర్చుడు, మొఖాల మీది మచ్చలు తీసుడు, అడ్డమొచ్చినోళ్ల చేతులు చెరిపేసుడు. ఎన్ని పెండ్లిళ్లు పేర్చిందో లెక్క లేదు. అన్నిట్ల పుస్తె ఫోటో ఒక్క తీరుగనే ఉండె. "ఏం సార్, ఊరంత కలిసి ఒక్క అబద్ధం ఆడుతున్నట్టుంది" అన్నది ఒకనాడు. సార్ ఇనవడనట్టు లెన్సు తుడుసుకుంట కూసున్నడు.

ఒక్క ఫోటో మాత్రం అట్ల కాదు. అది స్టూడియో గోడ మీద, సరిగ్గ సార్ కుర్చీ ఎనక ఉంటది. సార్ పెద్దబిడ్డ పెండ్లిది. పెండ్లికొడుకు కింది పెదవి కొరుక్కుంట ముడి దిక్కే సూస్తుండు, కెమెరా ఉన్న సంగతే ఆయనకు ఎరుక లేదు. పిల్ల కండ్లు మూసుకుంది. చుట్టూత గాలి నిండ అక్షింతలు, గింజ గింజ ఏరుకోవచ్చు. స్టూడియోకు వచ్చినోళ్లంత దాన్ని సూసి నోరు తెరుస్తరు.

"ఎవరు తీసిన్రు సార్?" అంటరు.

"నేనే."

"మీ బిడ్డ పెండ్లి మీరే తీసిన్రా?"

"ఇంకొకల చేతుల పెడ్తనా?" అని సార్ ఆ కథ షురూ చేస్తడు. అల్లుని కాళ్లు కడిగి, ధార పోసి, పీట మీంచి లేసి, పంచె ఎగ్గట్టి, కెమెరా మెడల ఏసుకున్నడట. పంతులు బిత్తరపోయిండట. లీలావతమ్మ, అంటే సార్ భార్య, "జర సిగ్గు పడున్రి" అన్నదట. ఆ కథ శోభకు నోటికొచ్చింది. ఇన్న ప్రతిసారీ ఆ పిల్లకు ఒక్కటే అనిపించేది, అట్లాంటిది ఒక్కటి నా చేత్తో తియ్యాలె అని.

"కెమెరా నేర్పున్రి సార్" అని అడిగితే సార్ మొదట నవ్విండు. నవ్విండు గానీ కాదనలే, అది ఆయన మంచితనం. మొదట లైటు పట్టుకొని నిలవడమన్నడు. రెక్కలు గుంజేదాక లైటు పట్టింది. తర్వాత పాత కెమెరా ఒకటి చేతికిచ్చి, "స్టీలు గ్లాసు తియ్యి, మెరుపు కొట్టకుండ" అన్నడు. గ్లాసు తీసింది, ఛాయ్ బండి మీది పొగ తీసింది, రోడ్డు మీద పోయేటోళ్ల నడక తీసింది. చెయ్యి అదిరితే తిడ్తడు, మొఖం నల్లగొస్తే తిడ్తడు, తెల్లగొస్తే ఇంకా తిడ్తడు. "తెల్లచీర సూసి కెమెరా మోసపోతది బిడ్డా, నువ్వు మోసపోకు. ఊపిరి బిగబట్టు, నొక్కినంక ఇడువు" అంటడు. శోభ అన్నీ పట్టుకుంది.

అక్షింతలు గాలిల ఆగాలంటే మాత్రం ఎవ్వరు నేర్పినా రాదు, సొంతంగ పడాలె ఆ పాట్లు. ఆదివారం తండాకు పోయి వాళ్ల అమ్మను వాకిట్ల నిలవెట్టేది. తండాల అమ్మను యాడి అంటరు. "యాడీ, ఏసెయ్" అంటే పార్వతమ్మ చాటలకెళ్లి పిడికెడు బియ్యం తీసి గాలిలకు ఇసిరేది. శోభ నొక్కేది. గింజలు గీతలు గీతలుగ వచ్చేటియి. కెమెరా స్పీడు పెంచితే ఫోటో చీకటయ్యేది. మల్ల లైటు పెంచేది. "ఇంకోపారి ఏయ్ యాడీ!" "నీ ఫోటోలు పాడుగాను, బువ్వ వండుకునే బియ్యమే ఇవి!" అని ఆమె మొత్తుకునేది, మొత్తుకుంటనే ఇసిరేది. వాకిట్ల కోళ్లు మాత్రం బాగ బలిసినయి. చివరికి ఒకనాడు గింజలు గాలిల నిలవడ్డయి. శోభ ఎగిరి గంతేసింది.

మర్నాడు స్టూడియోల ఆ ఫోటో సార్ కు సూపెట్టి, నోరు ఆగక అనేసింది. "సార్, మీ గోడ మీదున్నట్టిది నేను తీస్త. మొదటిసారే. మల్ల చేతులు పెట్టమనకుండ."

పెద్ద కెమెరా పట్టే రవి అక్కడనే ఉన్నడు, కిసుక్కున నవ్విండు. సార్ నవ్వలే. గోడ దిక్కు తిరగకుండనే, "తీసుకరా మరి. ఒక్కటి తెచ్చినవంటే మా మనస్విని పెండ్లిల నా పక్కన రెండో కెమెరా నీదే. ఆ దినం నుంచి నువ్వు కెమెరా మనిషివి. తేకపోతే మల్ల అడగొద్దు, కంప్యూటర్ ముందట కూసోవాలె" అన్నడు. మనస్విని సార్ చిన్నబిడ్డ. సార్ సొంతూరు నిడమనూరు, చుట్టాలంత ఆ దిక్కే గనక పెండ్లి మిర్యాలగూడల పెట్టిన్రు. ఆ పెండ్లి గూడ నేనే తీస్త అని సార్ అప్పటికే ఊరంత చెప్పి పెట్టిండు.

అవకాశం కోదాడల వచ్చింది. ఆ నెలల గట్టి ముహూర్తం ఒక్కటే ఉండె, లగ్గాలన్నీ దాని మీదనే వడ్డయి. సార్ కు సూర్యాపేటల ఒక పెండ్లి. రవికి కోదాడ పెండ్లి అప్పజెప్పిన్రు గానీ, వాళ్ల చెల్లె లగ్గం గూడ అదే ముహూర్తానికి వడ్డది. ఇగ ఎవరున్నరు? సార్ కాసేపు గదవ గోక్కొని, "శోభా, నువ్వు పో. వీడియోకు జితేందర్ ఉంటడు. భయపడకు, భయపడ్డా మొఖంల కనవడనీయకు" అన్నడు. పెద్ద కెమెరా సంచి ఆమె చేతుల పెట్టిండు. శోభకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి గానీ, సంచి సర్దుకునేటట్టు వంగి తుడుచుకుంది.

కోదాడ ఫంక్షన్ హాల్ల పెండ్లిపిల్ల పేరు లహరి. పొద్దటి లగ్గం. శోభ సంచి దించంగనే పిల్ల బాబాయి "మగాళ్లెవరూ రాలేదా?" అన్నడు. జితేందర్ ముందుకొచ్చి, "వచ్చిన అన్నా, నేను వీడియో. ఫోటో ఈమెనే" అన్నడు. ఆయన గొణుక్కుంట పోయిండు. ఇగ శోభ ఎవ్వరి దిక్కు సూడలే. పిల్లను తయారు చేసేకాడ తీసింది, గౌరీపూజ తీసింది, జీలకర్ర బెల్లం కాడ అడ్డుతెర దించంగ ఇద్దరి చూపులు కలిసింది తీసింది. కెమెరా ఎనక తెర మీద సూసుకుంటే అన్నీ బరాబర్ వచ్చినయి. జితేందర్ దూరం నుంచి బొటనవేలు లేపిండు.

పుస్తె కాడికి వచ్చేసరికి ఆ పిల్ల చెయ్యని బందోబస్తు లేదు. పంతులుతోని ముందే చెప్పి పెట్టుకుంది, గట్టిమేళం అనేముందు ఒక్కపారి నా దిక్కు సూడున్రి అని. పిల్ల మెడ, పిల్లగాని చేతులు రెండూ కనవడేకాడ జాగ పట్టింది. ఫోన్లోళ్లను దండం పెట్టి ఎనకకు జరిపింది. "ఒక్క మూడు ముళ్లు అన్నా, ఒక్క మూడు ముళ్లు" అని బతిమిలాడింది. స్పీడు పెట్టింది, లైటు సరిసూసుకుంది. యాడి ఇసిరిన బియ్యమంత యాది చేసుకుంది. ఊపిరి బిగబట్టబోతుంది.

గప్పుడు లహరి నాయనమ్మ కమలమ్మ పళ్లెం పట్టుకొని అక్షింతలు పంచుకుంట వచ్చింది. పెండ్లిళ్లల్ల అక్షింతలు అందరికిస్తరు గానీ, ఫోటో తీసేటోళ్లకు, బాజాలోళ్లకు ఇయ్యరు. కావాలని కాదు, వాళ్ల రెండు చేతులు పని మీద ఉంటయి గదా, ఎవ్వరికీ యాదికే రాదు. శోభ ఇన్ని పెండ్లిళ్లు తిరిగింది, లైటు పట్టింది, ఒక్కరు గూడ ఆమె చేతిల గింజ పెట్టలే. కమలమ్మ ఆగింది.

"తీసుకోమ్మా, నీకే" అన్నది.

"నేను ఫోటో తియ్యాలమ్మా."

"తీద్దువుగానీ. నువ్వు మాత్రం ఆడపిల్లవి కాదా? పొద్దుట్నించీ మా పిల్ల చుట్టూ తిరుగుతున్నావ్. నువ్వూ దీవించు" అని కుడిచేయి పట్టి గుంజి గుప్పిట్ల పోసి, వేళ్లు మూసి పోయింది.

శోభ ఆగమైంది. కింద పారవోయలేదు, పాపం. ప్యాంటు జేబుల ఏసుకోవచ్చు, గానీ అక్షింతలు జేబుల ఏసుకుంటరా ఎవరన్న? ఎడమచేత్తో కెమెరా పట్టుకొని, కుడి గుప్పిట మూసుకొని అట్లనే నిలవడ్డది. పంతులు ఆమె దిక్కు సూసిండు. మాట నిలవెట్టుకున్నడు ఆయన, ఆయన తప్పేం లేదు. చెయ్యి లేపిండు. "గట్టిమేళం, గట్టిమేళం!"

సన్నాయి, డోలు ఒక్కపారి లేసినయి. తండాల, సుట్టుపక్కల ఊర్లల్ల, చిన్నప్పటి సంది ఆ పిల్ల చెయ్యి ఆ సప్పుడుకు ఒక్కటే పని చేసింది. ఇప్పుడు గూడ అదే చేసింది. కెమెరా ఇడిసిపెట్టింది, అది మెడల ఏలాడింది. కుడిచేయి లేసింది, గుప్పిట తెరుసుకుంది. మనసు నిండ, నోరు తెరుసుకొని, నవ్వుకుంట శోభ పెండ్లిపిల్ల మీద అక్షింతలు ఏసింది. ఏసి ఒక్క గడియ అట్లనే మురుసుకుంట నిలవడ్డది. ఎనకకెళ్లి జనం మీదవడ్డరు. అప్పుడు యాదికొచ్చింది కెమెరా. కెమెరా లేపేసరికి మూడు ముళ్లు వడ్డయి, గింజలన్ని కింద వడ్డయి, సన్నాయి మెత్తవడ్డది.

ఏం చేస్తది? ఒక్క పెండ్లికి ఒక్కపారే గదా పుస్తె కట్టుడు. లహరి మొగుడు మంచోడు, లోకం తెలిసినోడు. దోస్తుల పెండ్లిళ్లు ఎన్ని సూసిండో ఏమో, తనంత తనే అడిగిండు.

"మళ్లీ పట్టుకోవాలా మేడమ్?"

వద్దంటే ఆ ఇంటికి ఫోటో ఉండది, తన పంతం కోసం వాళ్ల ఆల్బం ఖాళీ పెట్టే హక్కు తనకు లేదు. "పట్టుకోన్రి" అన్నది. ఆయన పిల్ల మెడ ఎనక చేతులు పెట్టి, కెమెరా దిక్కు తిరిగి, పండ్లన్ని కనవడేటట్టు నవ్విండు. శోభ నొక్కింది. ఇన్ని దినాలు తిట్టిన ఫోటో తన చేత్తోనే తీసింది.

మర్నాడు స్టూడియోల సార్ కెమెరా కార్డు కంప్యూటర్ల పెట్టి ఒక్కొక్కటి సూసుకుంట వచ్చిండు. గౌరీపూజ కాడ "ఊఁ" అన్నడు. అడ్డుతెర కాడ "శబాష్" అన్నడు. పుస్తె కాడ ఆగిండు. ఎక్కువసేపు సూడాల్సిన పని లేదు, ఆయన పుట్టి బుద్ధెరిగిన సంది తీసిన ఫోటోనే అది.

"రెండోసారిదే గదా?"

"అవ్ సార్."

"ఏమైంది?"

అక్షింతలు ఏసిన సార్ అని ఎట్ల చెప్తది? రవి పక్కనే ఉన్నడు, జల్మంత నవ్వుతడు. "జనం అడ్డమొచ్చిన్రు సార్" అన్నది.

"అందరికి వస్తరు" అన్నడు సార్. తిట్టనన్న తిట్టలే. తిట్టినా బాగుండు. "మనస్విని పెండ్లికి లైటు పట్టుకుందువుగానీ" అని కార్డు తీసి పక్కన పెట్టిండు. ఆ దినం బస్సుల తండాకు పోయేటప్పుడు శోభ కిటికీ దిక్కు తిరిగి ఊరొచ్చేదాక ఏడ్చింది. కెమెరా చేతికి రాకుండ పోయినందుకు ఏడ్చింది. అబద్ధం చెప్పినందుకు గూడ ఏడ్చింది. అక్షింతలు ఏసినందుకు మాత్రం ఏడుపు రాలే. అదే ఆమెకు సమజ్ కాలే.

కొన్ని దినాలకు ఆల్బంకు ఫోటోలు ఏరుకునేతందుకు కోదాడ నుంచి లహరి, కమలమ్మ వచ్చిన్రు. శోభనే కంప్యూటర్ కాడ కూసోని సూపెట్టాలె, సార్ ఎనక కుర్చీల కూసున్నడు. ముసలమ్మ అన్నీ బాగున్నయన్నది. పుస్తె ఫోటో రాంగనే మొఖం చిట్లించింది.

"ఇది అప్పటిది కాదుగా? ఇది తర్వాత పెట్టి తీసింది. అప్పటిది లేదా?"

"లేదమ్మా" అన్నది శోభ తల దించుకొని.

"వీడియోల ఉంటదమ్మా" అని సార్ మాట కలిపిండు. "సూపెట్టు శోభా. ఫోటోకు పనికిరాదు గానీ, వాళ్లు సూసుకుంటరు."

శోభకు పై పాణం పైకే పోయింది. జితేందర్ స్టూలెక్కి మీదికెళ్లి తీసిండు, అండ్ల ఏమున్నదో ఆమెకు ఎరుకనే. ఆ వీడియో తెరువకుండ ఇన్ని దినాలు తప్పించుకున్నది. ఇప్పుడు తప్పేటట్టు లేదు. తెరిచింది. పంతులు చెయ్యి లేపిండు, సన్నాయి లేసింది, పెండ్లికొడుకు వంగిండు. వాళ్లకు ఇటు పక్క, అందరికన్న ముందట, మెడల కెమెరా ఏలాడుతుంటే, చెయ్యి చాపి అక్షింతలు ఏసుకుంట శోభ.

"ఆపు ఆపు!" అని కమలమ్మ కేకేసింది. "అది నువ్వేగా!"

శోభ బొమ్మను అట్లనే ఆపింది. సార్ కుర్చీ ముందుకు జరిపిండు.

"జనం అడ్డమొచ్చిన్రన్నవ్ గదా?"

"ఎవ్వరు అడ్డం రాలే సార్" అన్నది శోభ. ఇగ దాసుకునేటట్టు లేదు. "జాగ మంచిగ దొరికింది, అంతా బరాబర్ ఉండె. ఈ అమ్మ అక్షింతలు ఇచ్చింది. గట్టిమేళం అనంగనే చెయ్యి ఆగలే. చెప్తే నవ్వుతరనుకున్న."

"నవ్వడానికేముంది?" అని ముసలమ్మ కస్సుమన్నది. "నేనిచ్చిందే వెయ్యడానికి! ఏమండీ, ఆ పిల్ల మొహం చూడండి, సొంత అక్కచెల్లెలి పెళ్లి అన్నట్టుంది. మావాళ్లంతా ఫోన్లలో మునిగిపోయారు, ఒక్కళ్లన్నా పిల్లను చూశారేమో చూడండి. నాకిదే కావాలి. ఇదే పెద్దది చెయ్యండి."

"వీడియో బొమ్మ పెద్దగ చేస్తే పగుల్తదమ్మా" అన్నడు సార్.

"పగిలితే పగలనీ."

లహరి నవ్వుకుంట, "ఆవిడను చెరిపెయ్యకండి సార్, ఉండనివ్వండి" అన్నది. అట్ల ఖాయం చేసి వాళ్లు పోయిన్రు. శోభ ఇగ తిట్లకు తయారై కూసున్నది.

సార్ తిట్టలే. "మల్ల పెట్టు" అన్నడు. పెట్టింది. అయిపోంగనే, "ఇంకోపారి" అన్నడు. సూసి సూసి, కుర్చీ గిర్రున తిప్పి గోడ దిక్కు తిరిగిండు. ఎప్పుడూ ఆ ఫోటోకు ఈపు పెట్టి కూసునే మనిషి. ఇప్పుడు దానికి ఎదురుంగ కూసున్నడు.

"ఈ ఫోటోల నేనేడున్న?" అని అడిగిండు.

"మీరు తీసిన్రు గదా సార్."

"అదే చెప్తున్న. కాళ్లు కడిగిన, ధార పోసిన, కెమెరా పట్టుకున్న. అందరు ఏసిన్రు శోభా. మా ఆమె ఏసింది, పాలోళ్లు ఏసిన్రు, వంటోళ్లు గూడ గరిటెలు పక్కన పెట్టొచ్చి ఏసిన్రు. ఈ ఫోటోల గింజలు లెక్క పెట్టుకో, అందరియీ ఉంటయి. నాది ఒక్కటి లేదు. నా బిడ్డ మీద నా చేతి అక్షింత ఒక్కటి వడలే." "దాన్ని ఇన్నేండ్లు వచ్చినోళ్లకల్ల గొప్పగ చెప్పుకున్న. ఎంత ఎర్రోన్ని!"

శోభ వీడియో మూసింది.

"మనస్విని పెండ్లికి కెమెరా నువ్వు పట్టు" అన్నడు సార్. "రెండోది కాదు, పెద్దదే. రవి పక్కన ఉంటడు."

"వద్దు సార్! నేను మల్ల ఏస్తనేమో."

"ఈసారి ఏసేతందుకు నేనున్న. నువ్వు నీ పని సూడు" అన్నడు.

మిర్యాలగూడ పెండ్లిల ఆయన్ను సూడాలె మీరు! మెడల కెమెరా లేకపోయేసరికి చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వక, ఒకపారి పంచె సర్దుతడు, ఒకపారి కండువ సర్దుతడు. హాలియా నుంచి వచ్చిన వియ్యంకునితోని మాట్లాడుకుంటనే, "శోభా, ఆ లైటు జర కిందికి" అంటడు. అల్లుని కాళ్లు కడుక్కుంటనే, "స్పీడు సూసుకున్నవా?" అంటడు. పంతులు మంత్రం ఆపి, "మీరు కన్యాదాతలయ్యా, ఇటు చూడండి" అన్నడు. లీలావతమ్మ ఆయన తొడ గిచ్చింది. పెండ్లిపిల్ల మనస్విని నెత్తి దించుకొని నవ్వింది. శోభ అన్నీ తీసుకుంట పోయింది, నవ్వాగక చెయ్యి అదురుతుంటే ఊపిరి బిగబట్టి మరీ తీసింది.

పుస్తె కాడ ఎవరో పళ్లెం తెచ్చి ఆమె ముందట పెట్టిన్రు. "నా అక్షింతలు సార్ కు ఇయ్యున్రి" అన్నది. సార్ బిడ్డ పక్కన నిలవడి గుప్పిట నిండ పట్టుకున్నడు. పంతులు చెయ్యి లేపిండు. గట్టిమేళం మోగింది. శోభ చెయ్యి ఇసుమంత గూడ కదలలే. మొదటి ముడి నొక్కింది. గాలి నిండ అక్షింతలు. పిల్లగాడు ముడి దిక్కే సూస్తుండు, పిల్ల పెదవులు అదురుతున్నయి. గోడ మీదిది ఎట్లుందో అట్లనే, ఇంకా మంచిగ. దొరికింది! ఇన్ని దినాల సంది దేని కోసం ఏడ్చిందో ఆ ఫోటో చేతిల వడ్డది.

గప్పుడు ఆ కెమెరా తెరలనే, ఒక పక్కకు, సార్ కనవడ్డడు. ఎడమకన్ను మూసుకున్నడు. గుప్పిట గుండెల కాడనే ఉంది, గట్టిగ మూసి ఉంది, దాని మీద చూపుడువేలు మాత్రం నొక్కుతుంది. టక్, టక్. గట్టిమేళం ఇనంగనే ఆయన చెయ్యి గూడ దానికొచ్చిన పనే చేస్తుంది. ఫోటో తీస్తుండు మహానుభావుడు, కెమెరా లేకుండ! అందరి అక్షింతలు అయిపోవస్తున్నయి. రెండో ముడి వడ్డది.

కెమెరా దించితే మూడో ముడి పోతదని శోభకు ఎరుకనే. దించింది. సన్నాయిని మించి అరిచింది. "సార్! ఏయున్రి!"

సార్ ఉలిక్కిపడ్డడు. గుప్పిట దిక్కు సూసుకున్నడు, బిడ్డ దిక్కు సూసిండు. మొఖమంత ఏడుపు అయిపోయింది. చెయ్యి లేపి, గుప్పిట తెరిచి, మొత్తం ఒక్కపారి ఏసిండు. మూడో ముడి వడుతుంది. అందరియీ అప్పటికే కింద వడ్డయి, మనస్విని మీద గాలిల ఉన్నయి ఒక్క ఆయన ఏసినయే. శోభ కెమెరా లేపింది, నొక్కింది, నొక్కినంక ఊపిరి ఇడిసింది.

ఇప్పుడు స్టూడియో గోడ మీద రెండు ఫోటోలున్నయి. శోభ మొదటి ముడికి తీసిన గాలి నిండ అక్షింతల ఫోటో ఆల్బంల ఉంది, దాన్ని సార్ గోడకు ఎక్కియ్యలే. గోడకెక్కింది మూడో ముడిది. గింజలు తక్కువ, మూలకు ఒక పెద్దమనిషి ఒక కన్ను ఇంకా సగం మూసుకొని, చెయ్యి చాపి, ఏడుస్తుంటడు. కొత్తగ వచ్చినోళ్లు పాత ఫోటో సూసి ఎవరు తీసిన్రు అని అడుగుతరు, "నేనే" అంటడు సార్. పక్కదాన్ని సూసి, దీన్ని గూడ మీరే తీసిన్రా అంటరు.

"కాదు, శోభ తీసింది" అని, లేసి పోయి మూలకున్న మనిషి మీద వేలు పెడ్తడు. "ఇగో, నేను గీడున్న."